అమ్మ ఆగే చోటు

సంగీత కళాశాలలో చేరడానికి దరఖాస్తు నింపుతుంటే అందులో ఒక గడి కనిపించింది: ‘ఇంతకుముందు ఎవరి వద్ద నేర్చుకున్నారు?’ పక్కన కూర్చున్న అమ్మాయి తన గురువుగారి పేరు, ఎన్నేళ్లు నేర్చుకున్నదీ గబగబా రాసేసింది. నేను కాసేపు ఆలోచించి ఆ గడిని ఖాళీగా వదిలేశాను. దాని కింద తల్లి పేరు, తల్లి చదువు అని రెండు గడులు ఉన్నాయి. పేరు రాశాను. చదువు దగ్గర అడ్డగీత గీశాను.

మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కినదాన్ని నేనే మొదట. ఆ రోజు దేవునికి ఎన్నిసార్లు స్తోత్రం చెప్పుకున్నానో తెలియదు. ఎల్బీనగర్ వైపు వచ్చే మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడి కూడా చెప్పుకున్నాను. ఖాళీగా వదిలిన గడి మాత్రం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఇప్పుడు తరచూ గుర్తుకొస్తుంది.

నాకు పాట నేర్పింది అమ్మ. చదవడం నేర్పింది కూడా అమ్మే. ఆమెకు అక్షరం ముక్క రాదు.

అదెలాగో చెప్పాలి. నాన్న సెంట్రింగ్ పని చేసేవాడు. నాగోల్‌లో అపార్టుమెంట్లు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. కడుతున్న బిల్డింగులోనే కింద ఒక గదిలో ఉండేవాళ్లం. స్లాబులు అయిపోగానే మూటా ముల్లే సర్దుకుని ఇంకో బిల్డింగుకు. నన్ను బడిలో వేస్తే నాలుగు నెలలకే మారిపోవాల్సి వచ్చేది. రెండుసార్లు అలా అయ్యాక నాన్న, “ఇంట్లనే సదువుకుంటది తియ్” అన్నాడు. ఇంట్లో ఉన్నవి రెండే పుస్తకాలు, బైబిలు, పాటల పుస్తకం. లెక్కలు నాన్న చెప్పేవాడు, ఇనుప చువ్వలు, చెక్కలు ఎన్ని పడతాయో లెక్క వేయిస్తూ. మిగతాదంతా అమ్మ.

పాటల పుస్తకం చివర ఒక ఖాళీ పేజీ ఉండేది. దాని మీద నాన్న నీలం పెన్నుతో రాసిన పాట ఒకటి. అది అచ్చులో లేదు. పాలమూరు దిక్కున అమ్మ పుట్టిన పల్లెలో, ఆడవాళ్లు ప్రార్థనకు కూడినప్పుడు పాడుకునే పాట. పెళ్లయిన కొత్తలో అమ్మ పాడుతుంటే నాన్న రాసిపెట్టాడట. అమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ పేజీ తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి పాడేది. ఏ మాట ఎక్కడుందో ఆమెకు తెలియదు. వరస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మాత్రం నాన్న చూపించాడు. ఆమె గొంతుతో పాటు వేలు నడిచేది, వేలి వెంట నా కళ్లు నడిచేవి. ఒకరోజు బైబిలు తిరగేస్తుంటే ‘మంద’ అనే మాట కంటబడి గట్టిగా చదివాను. అమ్మ పిండి చేతులతోనే బయటికి పరుగెత్తింది.

“ఇంటున్నవా? పిల్ల సదువుతున్నది!”

నాన్న పైనుంచి, చెక్కల మీద నిలబడి, “ఏం సదివింది?” అని అరిచాడు.

“గొర్లమంద!”

పైన పనిచేస్తున్న వాళ్లంతా నవ్వారు. చాలా రోజుల వరకు నన్ను చూడగానే ‘గొర్లమందా’ అని పిలిచేవారు.

పాట తప్పిపోయిన గొర్రెను గురించినది. సువార్తలోని కథే, కానీ మా పాలమూరు మాటల్లో ఉంటుంది.

*మందంత మళ్లొచ్చె మాపటి ఏళ*
*ఒక్కటి రాకపాయె ఓ కాపరీ*

ఈ రెండు వరసల తర్వాత నాన్న రెండు వేళ్ల మందం జాగా వదిలి, ఆ కింద మూడో వరస రాశాడు.

*కట్టె పట్టి దీపమెత్తి కదిలెనే కాపరి*

ఆ జాగా దగ్గరికి రాగానే అమ్మ వేలు ఆగేది. గొంతు కూడా ఆగేది. పెదాలు మాత్రం ఒక్కసారి కదిలేవి. కాసేపటికి ఊపిరి తీసుకుని మూడో వరస అందుకునేది. ఆ కాసేపు ఒకరోజు ఉన్నంత ఇంకోరోజు ఉండేది కాదు. పేజీలో జాగా ఉంది కాబట్టి ఆగుతోంది అనుకునేదాన్ని. పసిపిల్లకు అది అడగవలసిన విషయంగా తోచలేదు. పెద్దయ్యాక తోచి ఉండాల్సింది.

తర్వాత ఓపెన్ స్కూల్లో పది రాశాను, ఇంటరు రాశాను. అప్పటికి నాన్నకు నడుము పట్టేసి బరువులు ఎత్తలేక వనస్థలిపురంలో వాచ్‌మన్‌గా కుదిరాడు. ఎల్బీనగర్‌లో ఒక సందులో కిరాయికి గది తీసుకున్నాం. అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగులకు వచ్చే ఆడపిల్లల హాస్టల్లో చపాతీలు ఒత్తే పనికి చేరింది. పాడుకుంటూ ఒత్తేది. సంగీతం చదువుతానని నేను అన్నప్పుడు చుట్టాలంతా, నర్సింగు చదివితే దవాఖానలో కొలువన్నా దొరుకుతుంది కదా అన్నారు. అమ్మ ఒక్కతే, “దేవుడు గొంతు ఇచ్చిండు. ఇచ్చినోడు దారి సూపియ్యడా?” అంది. కాలేజీలో నేర్పే కీర్తనలు వేరే దేవుళ్లవి కదా, పాడొచ్చా అని బెరుకుగా అడిగితే, “భక్తితోని పాడితె ఎవల పాటైనా ఇనబుద్ధయితది. నేర్సుకో” అంది. ఆ రెండు మాటలకూ నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మా మేడమ్‌ది కోస్తా. ఉద్యోగం కోసం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. మొదటి రోజు అందరి చేతా ఒక్కొక్కరిగా ‘సా’ పట్టించారు. నా దగ్గర ఆగి, కళ్లు మూసుకుని విన్నారు.

“శ్రుతి ఎంత కుదురుగా ఉందమ్మాయ్! ఎవరు నేర్పారు?”

“ఎవరూ లేరు మేడమ్. ఊరికే చర్చిలో పాడతాను.”

ఆ మాట అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. యేసును ఎరగనని బొంకిన పేతురును తప్పుపట్టే ధైర్యం ఇప్పుడు నాకు లేదు.

కాలేజీలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది తాళం. బడి గంట తెలియని పిల్లను నేను. మా బతుక్కి ఒక పద్ధతంటూ ఉండేది కాదు, నెలకో గోడ, ఏడాదికో గడప. అట్లాంటి నాకు, ఎనిమిది దెబ్బలు ఎప్పుడు వేసినా ఎనిమిదే ఉంటాయని, మళ్లీ మొదటి దెబ్బ దగ్గరికే చేరుకుంటామని తెలియడం ఎంత ఊరటగా ఉండిందో చెప్పలేను. మేస్త్రీలు గోడ పక్కన గుండు వేలాడదీసి వంకర చూస్తారు. నేనూ అలా ప్రతిదాని పక్కనా తాళం వేలాడదీసి చూడటం మొదలుపెట్టాను. బస్సు హారను, కుక్కరు కూత, పాస్టరుగారి ప్రసంగం. అన్నీ ఎక్కడో ఒకచోట వంకరగానే కనిపించేవి. మా అమ్మ పాటా అంతే.

రెండో ఏడాది కాలేజీలో, ప్రతి విద్యార్థీ తానుండే పేటలో ఎవరికైనా ఉచితంగా సంగీతం నేర్పి, ఏడాది చివర నివేదిక ఇవ్వాలన్నారు. నాకు చాలా సంతోషమైంది. మా చర్చి రేకుల షెడ్డే అయినా, ఆడవాళ్ల సమాజం పెద్దది. పాస్టరమ్మను అడిగి శనివారం మధ్యాహ్నాలు క్లాసు పెట్టాను. పదిమంది వచ్చారు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, ఒక టైలరమ్మ, బండి మీద కూరగాయలు అమ్మే ఒకామె, మా అమ్మ. నాకన్నా పిన్న వయసువాళ్లు ఎవరూ లేరు. అయినా అందరూ నన్ను ‘టీచరమ్మా’ అనేవారు, సగం గౌరవంగా, సగం ఎగతాళిగా.

కూరగాయలామె మొదటి రోజే చెప్పేసింది: “నా గొంతు మార్కెట్ల అరిసీ అరిసీ గిట్లయింది బిడ్డా. దేవుని పాట ఎత్తుకున్నా ‘టమాట కిలో ఇరవై’ అన్నట్టే ఒస్తది.”

“దేవుడు కొంటడు తియ్ అక్కా” అంది టైలరమ్మ. “ఆయన బేరం ఆడడు.”

డిసెంబరులో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో చాలా చర్చిలు కలిసి సెమీ క్రిస్మస్ జరుపుతాయి. పండుగకు ముందే చేసుకునే చిన్న క్రిస్మస్ అది. అందులో ఆడవాళ్ల పాటల పోటీ ఉంటుంది. మా షెడ్డు చర్చి ఎన్నడూ పోటీలో నిలబడలేదు. ఈసారి పాడదామన్నాను. ఏ పాట అని చర్చ వచ్చినప్పుడు పాస్టరమ్మ, “అందరు పాడేటివే మనం పాడితె ఏం లాభం? మీ అమ్మ గొర్ల పాట పాడుండ్రి. ఎవల తాన లేదు గది” అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అంత సంతోషపడిన రోజులు నేను చూసినవి చాలా తక్కువ.

నేను ఆ పాటను ఎనిమిది దెబ్బల ఆది తాళంలో బిగించాను. ఎవరి దగ్గరో కీబోర్డు అడిగి తెచ్చి, అందులో వచ్చే దరువు పెట్టాను. అందరూ రెండే వారాల్లో పట్టేశారు, ఆ ఒక్క చోట తప్ప. ‘ఒక్కటి రాకపాయె ఓ కాపరీ’ అన్నాక తొమ్మిదిమందీ దరువుతో పాటు మూడో వరసలోకి వెళ్లిపోయేవారు. అమ్మ ఆగిపోయేది. ఆగి, అందరూ కట్టె, దీపం పట్టుకుని బయల్దేరి చాలా దూరం పోయాక, వెనక ఒంటరిగా ‘కట్టె పట్టి’ అని అందుకునేది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు.

“అమ్మా, మళ్లా ఆగినవు.”

“గాడ ఆగాలె బిడ్డా.”

“ఎందుకు?”

అమ్మ చుట్టూ ఉన్న ఆడవాళ్ల వైపు చూసింది. ఏదో చెప్పబోయి, “మా దిక్కు గట్లనే పాడతరు” అంది.

టైలరమ్మ ఊరుకోలేదు. “ఏంది వదినా, స్టాపు లేని తాన బస్సు ఆపినట్టు ఆపుతవు!”

అందరూ పడీ పడీ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పోటీ వారంలో ఉంది, నివేదికలో ఏం రాయాలో అప్పటికే మనసులో రాసుకున్నాను. “మీ దిక్కు తాళం ఉండదా అమ్మా? కీబోర్డు ఆగదు. నీ ఒక్కదాని కోసం తొమ్మిదిమందిని ఆపాల్నా?” అన్నాను.

ఒక్కదాని కోసం మందనంతా వదిలి వెళ్లిన కాపరి పాట అది. అది పాడిస్తూ, ఆ మాట అన్నాను. అన్నప్పుడు నా చెవికి ఏమీ వినపడలేదు.

అమ్మ నవ్వు ఆపేసింది. కోపమేమీ రాలేదు. “సరే తియ్. నువ్వు సదువుకున్నదానివి. ఎట్ల పాడాల్నో చెప్పు, గట్లనే పాడత” అంది.

తొడ మీద తాళం వేయడం నేర్పించాను. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు. దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు. నాకు అక్షరాలు చూపించిన వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని తాళానికి మడిచాను. ఆ సాయంత్రం ప్రార్థనలో, చెప్పిన మాట ఇంత తగ్గింపుతో వినే తల్లినిచ్చినందుకు ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పాను. నిజంగానే, మనస్ఫూర్తిగానే చెప్పాను. ఆ ప్రార్థన గుర్తొస్తే ఇప్పుడు తల వంగిపోతుంది.

ఆ వారంలో ఒకరోజు ఇంటి తాళంచెవి కోసం హాస్టల్‌కు వెళ్లాను. వంటగదిలో అమ్మతో పాటు పనిచేసే గుంటూరు వైపు ఆవిడ నన్ను చూడగానే మొదలుపెట్టింది.

“ఏం నేర్పించేశావే తల్లీ మీ అమ్మకి? ఎనిమిది ఒత్తులకి చపాతీ అయిపోవాలంటుంది. తొమ్మిదోది పడిందా, పిండి ముద్ద చేసి మళ్లీ మొదలు! ఇవాళ చపాతీలన్నీ చిన్నవైపోయాయని పిల్లలు గోల.”

అమ్మ కర్ర ఆపకుండానే, “ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది” అని, చపాతీని పెనం మీద వేసి, నా వైపు చూసింది. మెచ్చుకుంటానేమోనని చూసింది. మెచ్చుకున్నాను.

పోటీ రోజు అందరూ ఎర్ర అంచు తెల్ల చీరలు కట్టుకున్నారు. కూరగాయలామె పొద్దున్నుంచీ నోరు విప్పలేదు, గొంతు దాచుకుంటున్నానని సైగలతో చెప్పింది. స్టేజీ మీద నేను కీబోర్డు దగ్గర ఉన్నాను. రెండో వరస అయిపోతుండగా అమ్మ వైపు చూశాను. ఆమె కూడా నన్నే చూస్తోంది. చేయి తొడ మీద ఆడుతోంది. ఆగలేదు. పదిమందీ ఒక్క గొంతుతో మూడో వరసలోకి దాటారు, మధ్యలో వెంట్రుక దూరేంత సందు కూడా లేదు.

మాకు మొదటి బహుమతి షీల్డు వచ్చింది. మెట్రోలో అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చైతన్యపురి దాటాక టైలరమ్మ, “జర మాకు గూడ ఇయ్యి వదినా, నీ ఒక్కదానిదా?” అని లాక్కుంది. అమ్మ అంతగా వెలిగిపోవడం చూసి నేను చేసింది మంచి పనే అనుకున్నాను. నివేదికలో పాటను టైపు చేసి పెట్టాను. నాన్న వదిలిన జాగా వదలకుండా, వరస కింద వరస, చక్కగా. మంచి మార్కులు వచ్చాయి.

ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో అమ్మ వాళ్ల అక్క, మా పెద్దమ్మ, కంటి ఆపరేషన్ కోసం ఊరి నుంచి వచ్చి మా గదిలోనే ఉంది. కంటికి కట్టు కట్టారు, ఏమీ తోచక కూర్చుందని ఫోనులో పోటీ రోజు పాట పెట్టాను. చెల్లెలి గొంతు గుర్తుపట్టి ముఖం విప్పారింది. తల ఊపుతూ వింటోంది. రెండో వరస అయిపోగానే ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. పాట దాటిపోయింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

“ఆపు, ఆపు. మళ్లా ఎయ్యి.”

మళ్లీ వేశాను. మళ్లీ అదే.

“పేర్లేవి?” అంది పెద్దమ్మ.

“ఏం పేర్లు?”

“గాడ ఆగుతరు గదనే. పేర్లు చెప్పాలె గద.” నాకు తెలియదని ఆమెకు అప్పుడు అర్థమైంది. కట్టు లేని కన్ను నా వైపు తిప్పింది. “మన ఊర్ల సగం మంది బొంబాయికి పనికి పోయేటోళ్లే. ఎవలు ఎప్పుడొస్తరో, అసలు ఒస్తరో రారో ఎవలకెర్క? గా పాట ఎత్తుకున్నప్పుడు గాడ అందరం ఆగుతం. ఎవలింట్ల మనిషి రాలేదో ఆళ్లు పేరు చెప్పాలె. ఒక్కరుంటె ఒక్కరు, పదిమందుంటె పదిమంది. అందరు చెప్పినంకనే కాపరి కదులుతడు. పేరు చెప్పకుంటె ఆయన ఎవల్ని ఎతుకుతడే పిచ్చిదానా?”

నేను ఫోను కింద పెట్టాను.

“అమ్మ ఎవరి పేరు చెప్పేది పెద్దమ్మా?”

“ఎవలిదేంది. వానిదే. మీ చిన్నమామది.”

అమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడట. అమ్మే ఎత్తుకు పెంచింది. మీసాలు రాకముందే మేస్త్రీ వెంట బొంబాయి వెళ్లిన గుంపులో వెళ్లాడు. గుంపు తిరిగి వచ్చింది, వాడు రాలేదు. ఎక్కడో దారిలో దిగాడని ఒకరు, వేరే సైటుకు పోయాడని ఒకరు. చచ్చాడని ఎవరూ చెప్పలేదు, కాబట్టి ఏడవడానికి కూడా లేకపోయింది. అతని పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పలికే చోటు ఒకటుంది. దాన్ని మూసింది నేను.

అమ్మ బయట బియ్యం కడుగుతూ అంతా వింటోంది. గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది.

“ఊకో అక్కా. పిల్ల ఊకెనే పరేషాన్ అయితది.”

“నాకెందుకు చెప్పలేదమ్మా? ఆ రోజు అడిగిన గదా, ఎందుకు ఆగుతున్నవని.”

“పదిమందిల ఏం చెప్తం? ఈడ ఎవలకెర్క గీ సంగతి. పట్నమొచ్చినంక బయటికి చెప్పుడు బంద్ చేసిన. మనసులనే అనుకునేదాన్ని.”

“ఇప్పుడు?”

“ఇప్పుడెక్కడిది?” అంది అమ్మ, నిష్ఠూరమేమీ లేకుండా. “ఆగితె గదా.”

సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చాక పాటల పుస్తకం తీసి చివరి పేజీ చూపించాను. ఆ జాగా ఎందుకు వదిలావని అడిగాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని తన చేతిరాతనే కొత్తగా చూశాడు.

“మీ అమ్మ ఇడువుమన్నది. ఎందుకే అంటె, గాడ మనుషులు నిలబడాలె అన్నది. నాకు సమజ్ కాలె. అయినా ఇడిచిన.”

నాన్నకు అర్థం కాకపోయినా వదిలాడు. నాకూ అర్థం కాలేదు, నేను మూసేశాను. మా ఇద్దరి మధ్య తేడా కాలేజీ ఒక్కటే. ఇలా రాస్తున్నందుకు కాలేజీ మీద నాకు కోపమేమీ లేదు. అది నాకు దేవుడిచ్చిన ఈవి. అడగకుండా దిద్దడం మాత్రం కాలేజీ నేర్పలేదు, అది నాదే.

మేడమ్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను, దరఖాస్తులో ఖాళీ వదిలిన సంగతితో సహా. ఆమె గుడ్డతో శ్రుతిపెట్టె అంచు తుడుస్తూ విన్నారు.

“నేనైనా దిద్దేదాన్నే అమ్మాయ్. ముప్పై ఏళ్లుగా దిద్దుతూనే ఉన్నాను. ఎవరెవరివి ఏమేం దిద్దేశానో ఇప్పుడు ఆలోచించాలంటే భయమేస్తోంది.” గుడ్డ పక్కన పెట్టి, “మీ అమ్మగారు పాతపద్ధతిలో పాడింది ఎక్కడైనా రికార్డు చేశావా?” అన్నారు.

“లేదు మేడమ్.”

“అయితే వెళ్లి అడుగు. ఆవిడ ఉన్నారు కదా. ఇంకా ఏం పోలేదు.”

నేనూ అలాగే అనుకున్నాను. అమ్మ ఉంది, గొంతు ఉంది, దేవుని దయవల్ల ఏమీ పోలేదు.

ఇప్పుడు శనివారాల్లో ఆడవాళ్లతో పాటు పిల్లలు కూడా వస్తున్నారు. ఎవరైనా పాట మధ్యలో ఆగితే ముందు ఎందుకని అడుగుతాను. చాలాసార్లు జవాబు మామూలుగానే ఉంటుంది. ఊపిరి అందలేదని, మాట మర్చిపోయానని, పక్కవాడు గిల్లాడని. అయినా అడుగుతాను. ఆడవాళ్లకు ఆ చోటు సంగతి చెప్పాను కూడా. టైలరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని, “గట్లనా వదినా, నేనేందో బస్సు అన్న గదా!” అని అమ్మ చేతులు పట్టుకుంది. అమ్మ, “పోనియ్యే” అని నవ్వింది.

పెద్దమ్మ ఊరికి వెళ్లిపోయిన తర్వాతి ఆదివారం, ఆరాధన నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, పుస్తకం చివరి పేజీ తెరిచి అమ్మ ముందు పెట్టాను. చిన్నప్పటిలాగా పక్కన కూర్చున్నాను. కీబోర్డు లేదు, ఫోను కూడా అవతల పెట్టేశాను.

“అమ్మా, మునుపటి లెక్కనే పాడు. గాడ ఆగు. ఎంతసేపన్నా ఆగు.”

“ఇప్పుడా?” అని సిగ్గుపడింది. తర్వాత వేలు మొదటి అక్షరం కింద పెట్టి ఎత్తుకుంది. మందంత మళ్లొచ్చె మాపటి ఏళ. గొంతు కాస్త జీరపోయింది కానీ శ్రుతి ఇసుమంత కూడా జరగలేదు. ఒక్కటి రాకపాయె ఓ కాపరీ. వేలు జాగాలోకి వచ్చింది. వేలు ఆగలేదు, కిందికి జారి మూడో వరస మీద పడింది.

“అయ్యో, పోయిన” అంది. “నోటికి గదే ఒస్తున్నది. ఆగు, మళ్లా.”

రెండోసారి కూడా అంతే. మూడోసారి కళ్లు మూసుకుని పాడింది. జాగా దగ్గరికి రాగానే ఈసారి గొంతు ఆగింది. పెదాలు కదిలాయి. ఆమె పెదాలనే చూస్తున్నాను. అప్పుడు ఒళ్లో ఉన్న ఆమె ఎడమచెయ్యి కనిపించింది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు. దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు. సరిగ్గా ఎనిమిది. మళ్లీ మొదటి దెబ్బ మీద, వెంట్రుక వాసి తేడా లేకుండా, కట్టె పట్టి దీపమెత్తి అని అందుకుంది.

పాట అయిపోయాక కళ్లు తెరిచింది.

“మామ పేరు అనుకున్నవా అమ్మా?”

అమ్మ కాస్త తడబడింది. “లేదు బిడ్డా. యాడ తప్పుతదో ఏమోనని లెక్కపెట్టిన.”

ఆమె పుస్తకం మూసి, నా ముఖంలోకి చూసింది, హాస్టల్ వంటగదిలో చపాతీ పెనం మీద వేసి చూసినట్టే.

“మంచిగొచ్చిందా?”

“మంచిగొచ్చిందమ్మా” అన్నాను.